ఇంట్లోనే జరిగింది

అమెరికాలో మాస్టర్స్ చదివేటప్పుడు, డెట్రాయిట్ దగ్గర నోవైలో ఒక తెలుగువాళ్ళ ఇంట్లో, కింద బేస్‌మెంట్ గదిలో అద్దెకుండేదాన్ని. కార్ల కంపెనీలు మనుషుల్ని వరసగా తీసేస్తున్న ఏడాది అది. ఆ ఇంటి అంకుల్ ఉద్యోగం ఎలాగో నిలబడింది గానీ ఆయన మాట మాత్రం బాగా తగ్గిపోయింది. ఆంటీది తెనాలి. నలభై అయిదేళ్ళుంటాయి. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా, మెడ చుట్టూ చున్నీ. అంట్లు తోమేటప్పుడు చేతులు పైకి మడిస్తే ఎడమ చెయ్యి మీద కాలిన మచ్చ కనిపించేది. అది భుజం దాటి మెడ మీదికి పాకి ఉండేది. నేను చూడనట్టు ఊరుకునేదాన్ని.

ఆంటీ లైబ్రరీలో ఇంగ్లిష్ క్లాసుకి వెళ్ళేవారు. అక్కడ నేర్పే అమెరికన్ ఆవిడ అరవై దాటిన ఫొటోగ్రాఫర్. ఒకరోజు క్లాసయ్యాక కాఫీ కప్పులు కడుగుతుంటే ఆంటీ చెయ్యి ఆవిడ కంట పడింది. ఆవిడ అప్పటికే గాయాల ఫొటోలు తీస్తోంది. గుండె ఆపరేషన్ కుట్లు, కాన్సర్‌కి రొమ్ము తీసేసిన చోటు, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడి తెగిన కాలు. మనుషులు దాచుకునేవి నలుగురూ చూడాలని ఆవిడ పట్టుదల. ఆంటీని అడిగింది. ఆంటీ సరేనన్నారు.

"ఎందుకొప్పుకున్నరాంటీ?" అన్నాను.

"ఆ చెయ్యి బాగుందే అమ్మాయ్ అని ఇన్నేళ్ళలో నాతో ఎవరైనా అన్నారా? ఆవిడంది," అన్నారు.

అందులో బాగుండేదేమిటో నాకు అర్థం కాలేదు. అయినా ఇంగ్లిష్‌లో మాట సాయానికి వెంట వెళ్ళాను.

ఆవిడ స్టూడియో అంటే ఇంటి గరాజే. కిటికీ పక్కన స్టూలు వేసి ఆంటీని కూర్చోబెట్టింది. చాలాసేపు ఫొటోలు తీసింది. ఆంటీ ముందు బిగుసుకుపోయారు, తర్వాత సర్దుకున్నారు. చివర్లో ఆవిడ కెమెరా పక్కన పెట్టి, ఫొటో కింద రాసుకోవడానికి, ఇది ఎలా జరిగిందో చెప్పగలరా అని అడిగింది.

ఆంటీ తెలుగులో మొదలుపెట్టారు. "మా చెల్లి పెళ్ళిచూపులకని జంతికలు వేస్తున్నా. పీట జారింది. నూనె మూకుడు మీదికి ఒరిగింది. పదిహేను రోజులు అరిటాకు మీద పడుకోబెట్టారు. దోమతెరలో పడుకుని ఊరికే దూలాలు లెక్కపెట్టేదాన్ని..." అని, నా మొహం చూసి ఆగారు. "ఇదంతా ఆవిడకెందుకులే. ఎప్పుడో మానిపోయిందని చెప్పు."

జంతికల్ని మా కరీంనగర్‌లో మురుకులంటాం. ఇంగ్లిష్‌లో ఏమంటారో తెలీదు. పీట, మూకుడు, అరిటాకు, దోమతెర... ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. "చాలా ఏళ్ళ కింద, ఇంట్లోనే జరిగింది. దాని గురించి ఆమె ఎక్కువ మాట్లాడదు," అని ఇంగ్లిష్‌లో చెప్పేశాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో అప్పుడు నాకు తట్టలేదు.

రెండు నెలలకి డెట్రాయిట్‌లో ఒక చిన్న గ్యాలరీలో ఆ ఫొటోలు పెట్టారు. ముగ్గురం వెళ్ళాం. ఆంటీ ఫొటో మనిషంత ఎత్తుంది. కింద రెండే వాక్యాలు: 'ఇంట్లోనే జరిగింది. దాని గురించి ఆమె మాట్లాడదు.' జనం మిగతా ఫొటోల కంటే దాని ముందే ఎక్కువసేపు నిలబడ్డారు. ఒకామె ఏడ్చింది. కొందరు అంకుల్ వైపు తిరిగి చూశారు. ఆయన చేతిలో చీజ్ ముక్కలూ ద్రాక్షపళ్ళూ ఉన్న ప్లేటు పట్టుకుని అందరికీ నవ్వు మొహం పెడుతున్నారు. వెళ్ళిపోయే ముందు ఒక పెద్దావిడ ఆంటీని దగ్గరికి తీసుకుని, చేతిలో చిన్న కార్డు పెట్టి, వేళ్ళు మూసింది.

కార్లో ఆంటీ ఆ కార్డు వెనక సీటుకి అందించారు. "ఏంటమ్మాయ్ ఇది?"

భర్తలు కొట్టే ఆడవాళ్ళకి సాయం చేసే సంస్థ ఫోన్ నంబరు అది. అంకుల్ డ్రైవ్ చేస్తున్నారు.

"ఏదో హెల్ప్ సెంటర్ ఆంటీ," అన్నాను.

"అదేంటో, అందరూ నా వంక అదోలా చూశారు," అన్నారు అంకుల్.

మర్నాడు పొద్దున వంటింట్లో ఆంటీకి ఉన్నదంతా చెప్పాను. ముందు పకపకా నవ్వారు. తర్వాత స్టవ్ కట్టేసి కూర్చున్నారు. "మీ అంకుల్ నా మీద ఈగ వాలనివ్వరే," అన్నారు. నేను ఏడ్చాను. ఆంటీ లేచి, మళ్ళీ స్టవ్ వెలిగించి నాకు టీ పెట్టారు. అదే ఎక్కువ బాధనిపించింది.

ఆ రోజే ఫొటోగ్రాఫర్‌కి ఫోన్ చేశాను. నిజంగా జరిగింది చెప్పాను. "ఓ... అయితే జస్ట్ ఆక్సిడెంటేనా?" అంది. వెంటనే సారీ చెప్పింది. కింద రాసింది ఆ వారంలోనే మార్చింది. పందొమ్మిదేళ్ళప్పుడు, చెల్లెలి పెళ్ళిచూపులకి పిండివంట చేస్తుండగా మరిగే నూనె మీద పడింది, అని.

ఆంటీ చూస్తానంటే మళ్ళీ తీసుకెళ్ళాను. ఈసారి ఎవరూ ఆగడం లేదు. చదివి, అయ్యో అన్నట్టు తల ఊపి, పక్క ఫొటోకి వెళ్ళిపోతున్నారు. ఆంటీ అది గమనించారు.

"అప్పుడు ఏడ్చారే. ఇప్పుడేమైంది వీళ్ళకి? మంట అదేగా," అన్నారు.

ఆ మొదటి రెండు వాక్యాలున్నప్పుడు నేనూ దాని ముందు అందరిలాగే నిలబడిపోయాను. అవి అబద్ధమని తెలిసీ నిలబడ్డాను.

అంకుల్‌కి ఆంటీయే చెప్పారు. ఆయన నవ్వలేదు. కొన్నాళ్ళు శనివారం భోజనాలకి ఎవరు పిలిచినా వెళ్ళలేదు. ఒక సాయంత్రం వాకిట్లో మంచు తీస్తుంటే నేనూ పార అందుకుని వెళ్ళాను. ఆయన తలెత్తకుండా అడిగారు.

"నువ్వూ అలాగే అనుకున్నావా అమ్మా, మా ఇంటికొచ్చిన కొత్తలో?"

"లేదంకుల్," అన్నాను.

అనుకున్నాను. వచ్చిన మొదటి వారం, ఆ చెయ్యి చూసిన రోజే అనుకున్నాను. అందుకే ఎన్నడూ అడగలేదు. ఆ గరాజ్‌లో నాకు మాటలు దొరకలేదని చాలామందికి చెప్పాను, నాకు నేనూ చెప్పుకున్నాను. నూనె అన్న మాట ఇంగ్లిష్‌లో నాకు రాకనా? అంకుల్ పార మంచులో గుచ్చి, కారు చుట్టూ దారి చేసుకుంటూ అటువైపు వెళ్ళిపోయారు.