ఆరో పలక

ఆ ఆదివారం పడింది ఎనిమిది గోల్స్. గుడ్రున్ బోర్డు మీద పెట్టింది ఐదు.

డెన్మార్క్‌లోని లోలాన్ దీవిలో చక్కెర ఫ్యాక్టరీ వెనక మైదానంలో మహిళల ఫుట్‌బాల్ క్లబ్బు ఆడిన ప్రతి ఆటకీ బోర్డుకి అంకెల రేకు పలకలు తగిలించింది ఆవిడే. ఆవిడకున్న పిచ్చి ఒక్కటే. ఐదు దాటనివ్వదు. ఆరో గోల్ పడగానే చేతులు కట్టుకుని స్టూలు మీద కూర్చుంటుంది.

"ఎనిమిది పడితే ఐదేంటి?" అన్నాడు రిఫరీ.

"ఆరో పలక కనపడట్లేదు."

"అయితే ఎనిమిదో పలక తగిలించు."

"ఆరు లేకుండా ఎనిమిదికి ఎలా పోతాను? మీ ఇంట్లో మెట్లు అలాగే ఎక్కుతావా?"

రిఫరీలు మారారు, పలక దొరకలేదు. కోపెన్‌హాగెన్ నుంచి వచ్చిన ఫుట్‌బాల్ యూనియన్ పెద్దమనిషి విసుగెత్తి కొత్త ఆరు చేయించి బహుమతిగా ఇచ్చాడు. గుడ్రున్ చేయి కలిపి మరీ తీసుకుంది. మరుసటి ఆదివారానికి అదీ పోయింది.

అందరికంటే ఎక్కువ ఏడిపించింది గోల్‌కీపర్ వీబెకె. "మన గుడ్రున్‌కి లెక్కలు ఒక చేతి వేళ్ల దాకే వచ్చు" అనేది, ఆవిడకి వినపడేలా.

"రెండో చెయ్యి కాఫీ కప్పుకి కావాలి కదే" అనేది గుడ్రున్.

ఒకసారి క్లబ్బు అమ్మాయిలే ఏడు కొట్టారు. అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు. ఆట ముగియగానే వీబెకె బోర్డు దగ్గరికి పరుగెత్తింది.

"ఈ ఒక్కరోజు వెతుకు తల్లీ."

"పలక లేదు. లేకపోతే ఎవరికీ లేదు" అంది గుడ్రున్, మైదానం అవతలికి చూస్తూ. అక్కడ ఓడిన జట్టు కీపరు మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చుంది. వీబెకె ఆ వైపు చూడలేదు.

గెలిచినా ఓడినా ఆట అయ్యాక కాఫీ, రేకు పళ్లేల నిండా ఆపిల్ కేకు ఉండేవి. ఆ పళ్లేలు మాత్రం గుడ్రున్ ఎవర్నీ కడగనిచ్చేది కాదు.

మార్చిలో గుడ్రున్ పోయింది. సమాధి దగ్గర్నుంచి వచ్చి, ఆనవాయితీ ప్రకారం సగానికి దించిన క్లబ్బు జెండాను మళ్లీ పైకి లాగారు. లోపల కాఫీ పోశారు. క్లబ్బులోని ఇంగర్‌లీసె చేసిన కేకు పిండిముద్దలా ఉంది. బాగుందని ఎవరూ అబద్ధం చెప్పలేదు. "రాతి మీద ఆవిడ వయసు ఐదని చెక్కించాలి" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వబోయి ఆగిపోయారు.

వీబెకె సింకు దగ్గర నిలబడి పళ్లెం కడిగి బోర్లించింది. అడుగున ఆకుపచ్చ పెయింటుతో ఆరు. రెండో పళ్లెం అడుగున యూనియన్ వారి ఆరు.

కుళాయి అలాగే పారుతోంది. క్లబ్బు పెట్టిన ఏడాది వీబెకెకి పదహారేళ్లు. చేతులు పెద్దవని గోల్‌లో నిలబెడితే మొదటి ఆటలోనే ఎనిమిది గోల్స్ వదిలేసింది. అప్పటికి పలకలన్నీ ఉన్నాయి; ఎనిమిది తగిలించిన బోర్డు ఫ్యాక్టరీ రోడ్డు వైపుకి ఉండేది. సోమవారం షిఫ్టుకి సైకిళ్ల మీద పోయేవాళ్లంతా చూశారు. ఫ్యాక్టరీలో చక్కెర దుంపలు ఏరే చోట వారమంతా ఆమె పేరు "ఎనిమిది". ఇక రానని చెప్పింది. వేరే కీపరు లేదు, ఆమె మానితే జట్టే లేదు. "ఈ ఒక్క ఆదివారం రావే" అని గుడ్రున్ బతిమాలింది. ఆ ఆదివారం ఏడు పడ్డాయి. ఆరో పలక పోయింది ఆ రోజే. సోమవారం ఎవరూ ఏమీ అనలేదు.

"ఇంకా తోమలేదా?" అంది ఇంగర్‌లీసె తలుపు దగ్గర్నుంచి.

"అడుగు మాడబెట్టావు కదే. నేను చూసుకుంటా, నువ్వు పో."

కళ్లు తుడుచుకుని, పళ్లేలు తుడిచి, అంకె కిందికి పెట్టి అరలో సర్దింది.

ఏప్రిల్‌లో మొదటి ఆట. స్టూలు మీద వీబెకె కూర్చుంది. గోల్‌లో ఆల్వా అనే కొత్త పిల్ల ఆరోది కూడా వదిలేసింది. రిఫరీ బోర్డు దగ్గరికి వచ్చాడు.

"ఆరో పలక కనపడట్లేదు" అంది వీబెకె, కేకు మీద గుడ్డ సర్దుతూ.

ఆట ముగిసేసరికి పడినవి తొమ్మిది. సోమవారం పొద్దున ఫ్యాక్టరీకి పోయేవాళ్లు చూసింది ఐదు.