ముందు ఖాళీ నడపాలె

మా ల్యాబ్ మేడమ్ ఇక లేరు. అల్వాల్ నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు దుఃఖం కంటే ముందు భయం వేసింది. ఆమెకు నేను చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది.

సికింద్రాబాద్‌లోని మా ల్యాబ్‌లో పసిపిల్లల మడమ నుంచి తీసి, కాగితంపై ఆరబెట్టిన రక్తపు చుక్కలను పరీక్షిస్తాం. ఆ మరక నుంచి దిగే ద్రవం ఒక కన్నీటి చుక్కంత కూడా ఉండదు. దాన్ని సన్నని సూదిలోంచి పంపి, కొసన కరెంటు పెడితే పొగమంచులా విడిపోతుంది. అందులోని అణువులు విద్యుదావేశం పొంది యంత్రంలోకి వెళ్తాయి. యంత్రం వాటిని తూకం వేస్తుంది. ఇదంతా నాకు నేర్పింది మేడమే. చేతులకు కొబ్బరినూనె వాసన వస్తే గుమ్మంలోనే ఆపేసేవారు. మధ్యాహ్నం తన పెరుగన్నంలో సగం నాకు పెట్టేవారు, ఊరమిరపకాయ మాత్రం ఇచ్చేవారు కాదు.

ప్రతి నమూనాకు ముందు ఏమీ కలపని ఉత్త ద్రావకం నడపడం ఆమె నియమం. దాన్ని మేము 'ఖాళీ' అంటాం. సూదిలో పాతది ఏమీ మిగలకపోతే తెరమీద గీత చదునుగా పోతుంది.

"జెర ఆగు బిడ్డా, ముందు ఖాళీ నడపాలె. మెషిన్ ఇంతకుముందు తిన్నది మర్చిపోయిందో లేదో చూడొద్దా?" అనేవారు.

ఒకరోజు తొందరలో నేను ఖాళీ వదిలేశాను. అంతకుముందు నడిపిన గాఢమైన ద్రావణం సూదిలో మిగిలి, బన్సీలాల్‌పేట్ పాపకు లేని జబ్బు ఉన్నట్టు రిపోర్టు వెళ్లింది. పాలు పడని జబ్బని డాక్టర్లు తల్లిపాలు ఆపించారు. రెండు రోజులు ఆ పాప గుక్కపట్టి ఏడ్చిందట. అనుమానం వచ్చిన మేడమ్, ఆ పాప నమూనా గొట్టం అడుగున మిగిలిన కాస్త తడిని ఊపిరి బిగబట్టి తీసి, ఖాళీ నడిపి, మళ్లీ చూశారు. పాపకు ఏమీ లేదు.

"ఖాళీ ఎవరు నడపలే?" అని ల్యాబ్ పెద్దసారు అరిచారు. నేను తల వంచుకుని గొట్టాలు సర్దసాగాను.

"నేనే సార్," అన్నారు మేడమ్.

ఇన్‌చార్జి బాధ్యత ఆమె నుంచి తీసేశారు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మధ్యాహ్నం కూడా పెరుగన్నం పెట్టారు, నేను సిగ్గు లేకుండా తిన్నాను.

అంత్యక్రియల రోజు చర్చిలో ఆమె చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "అక్కకు నువ్వంటే పానం. 'ఆ పాప ముచ్చట మా ల్యాబ్ పిల్లనే ఒకరోజు చెప్తది, తొందరేంది' అనేది. చెప్పినవా మరి?"

తల అడ్డంగా ఊపాను.

మరునాడు ల్యాబ్‌లో అందరి ముందూ తప్పు నాదని చెప్పాను. పెద్దసారు ఎప్పుడో రిటైరయ్యారు. ఇప్పుడున్నవాళ్లకు ఆ సంగతే తెలియదు. "ఏ పాప మేడమ్?" అని నన్ను అడిగారు.

సూది బిగించి ఖాళీ నడిపాను. కొసన సన్నగా పొగమంచు లేచింది. తెరమీద గీత చదునుగా, ఎక్కడా లేవకుండా పోతూనే ఉంది.