కోబెలో కొన్న పదమూడో దండ

ఒక కాగితం నలభై ఏళ్ళకు పైగా నా దగ్గర ఉంది. అరచేతిలో పట్టేంత కాగితం. ఇల్లు మారిన ప్రతిసారీ మిగతా సామాను సర్దడానికి మనుషులు వచ్చారు. దాన్ని మాత్రం నేనే మోశాను. అన్నిటికీ లెక్క చెప్పగలను కానీ, దాని బరువెంతో చెప్పలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

1982 ఆగస్టు. అప్పుడు మేము షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో ఉండేవాళ్ళం. విజయ వాళ్ళ ఇల్లు మా వీధిలోనే. శనివారాలు తన బేస్‌మెంట్‌లో పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పేది. పదకొండుమంది వచ్చేవారు. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి ఒకతె. ఆ వేసవిలో పిల్లల్ని వాళ్ళ నాన్నల దగ్గర వదిలి మేమిద్దరం ఇండియా వెళ్ళాం. తిరుగు ప్రయాణం జపాన్ మీదుగా. కోబెలో రెండు రోజులు ఆగుతామని తెలియగానే, అక్కడ ముత్యాలు బాగుంటాయని, పైదేశం వాళ్ళకి పన్ను లేకుండా ఇస్తారని, పన్నెండుమంది తలా ఒక దండ తెమ్మన్నారు. విజయ తనకొకటి అనుకుంది. మొత్తం పదమూడు. నేను కొనుక్కోలేదు. నాకెందుకు ముత్యాలు అన్నాను. ఆ మాట నలుగురిలో కాస్త గర్వంగానే అన్నాను.

పన్ను లేకుండా కొనాలంటే పాస్‌పోర్ట్ చూపించాలి. ఏం కొన్నామో షాపువాడు ఒక చీటీ మీద రాసి, పాస్‌పోర్ట్‌లో అతికించి, దేశం దాటేటప్పుడు కస్టమ్స్ వాళ్ళు తీసుకుంటారని చెప్పాడు. కార్బన్ కాపీలు రెండూ నా చేతికిచ్చాడు. ఎవరి పాస్‌పోర్ట్ మీద ఎన్ని దండలు కొనాలో విమానంలోనే నా నోట్‌బుక్‌లో పంపకం రాసి పెట్టుకున్నాను. నాకు ఆరు, విజయకి ఏడు. షాపులో అది తారుమారైంది. విజయ పాస్‌పోర్ట్‌లో అప్పటికే వాళ్ళాయనకి కొన్న కెమెరా చీటీ ఉంది. షాపువాడు ఏదో పరిమితి చూసుకుని ఒక దండని నా చీటీలోకి మార్చాడు. సరేనన్నాను. నోట్‌బుక్ మాత్రం దిద్దలేదు. సిరాతో రాసింది కొట్టేసి మళ్ళీ రాయడం నాకు అసహ్యం.

పెట్టెలు బరువని తీసేశాం. ఎవరి పాస్‌పోర్ట్‌లో ఉన్నవి వాళ్ళు చేతిరుమాల్లో మూట కట్టుకున్నాం.

బయలుదేరే రోజు పొద్దున విజయ హోటల్ కౌంటర్ దగ్గరికి వెళ్ళింది. గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. మూట విప్పాను. ఒక దండ తీసి మెడలో వేసుకుని బాత్రూమ్ అద్దంలో చూసుకున్నాను. ఎంతసేపు? అయిదు నిమిషాలు కూడా ఉండదు. అప్పటికి నాకు నలభై నిండలేదు. బాగున్నాను. ఫోన్ మోగింది, టాక్సీ వచ్చిందని. దండ తీసి అద్దం కింద గాజు పలక మీద పెట్టి ఫోన్ ఎత్తాను. తర్వాత మూట కట్టేశాను. ఒసాకా విమానాశ్రయంలో కస్టమ్స్ ఆయన చీటీలు చింపుకుని, మూటల వంక చూసీ చూడనట్టు చూసి పంపించేశాడు.

షామ్‌బర్గ్ చేరాక వచ్చిన శనివారం, దండలు తెమ్మన్నవాళ్ళందరూ మా ఇంటికొచ్చారు. భోజనాల బల్ల మీద రెండు మూటలూ విప్పాం. ఆరు, ఆరు. నేను నోట్‌బుక్ తెరిచి చదివాను. నాకు ఆరు, విజయకి ఏడు. అందరూ విజయ వైపు తిరిగారు.

"నాకు ఆరే అక్కా. లెక్కపెట్టే కట్టుకున్నాను" అంది విజయ.

జాబితాలో సులోచన పేరు ఆఖరిది. ఆమెకే దండ మిగల్లేదు. "మెడలో ఒకటి మర్చిపోయావేమో, ఓసారి తడుముకో విజయా!" అంది. అందరూ నవ్వారు. విజయ కూడా నవ్వబోయింది. తర్వాత తన దండ తీసి సులోచన ముందు పెట్టింది. గొడవెందుకని ఇచ్చింది. తప్పు ఒప్పుకుందని వాళ్ళనుకున్నారు.

ఆ రోజు నాకు నిజంగా గుర్తులేదా? లేదనే అనుకుంటూ వచ్చాను. కానీ నోట్‌బుక్ తెరిచేటప్పుడు నా చెయ్యి ఎందుకంత తొందరపడింది? 

మంగళవారం హ్యాండ్‌బ్యాగ్ దులుపుతుంటే కార్బన్ కాపీలు దొరికాయి. ఒకదాని మీద నా పేరు, కింద దండకొకటి చొప్పున ఏడు వరసలు. రెండుసార్లు లెక్కపెట్టాను. గాజు పలక కళ్ళముందుకొచ్చింది.  అప్పుడే ఫోన్ చేసి ఉంటే అది పొరపాటుగానే ఉండేది. పొరపాటుని ఎవరైనా క్షమిస్తారు. కానీ ఎక్కడ పోయిందని అడుగుతారు, సులోచన దండ నీ మెడలోకి ఎందుకొచ్చిందని అడుగుతారు, ముత్యాలు నాకెందుకన్న మనిషి అద్దం ముందు నిలబడిందని చెప్పుకుని నవ్వుతారు. ఆ నవ్వుకి భయపడ్డాను. అంతే. అంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేది.

గురువారం విజయ వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మంలోనే నిలబడింది.

"అక్కా, షాపువాడిచ్చిన కార్బన్ కాపీలు మీరే దాచారు కదా. ఒక్కసారి చూడండి. ఎవరికెన్నో అందులో ఉంటుంది."

"ఇంకెక్కడివి విజయా, ఎయిర్‌పోర్ట్‌లో వాళ్ళు తీసేసుకున్నారుగా" అన్నాను.

"అవి పాస్‌పోర్ట్‌లోవి కదక్కా?"

"అన్నీ తీసుకున్నారు. నీకు గుర్తులేదు."

ఒక్క క్షణం నా మొహం చూసింది. "మీరు చెబితే సరేనక్కా. మీరు లెక్క తప్పరు" అని వెళ్ళిపోయింది.

తర్వాత పిల్లలు ఒక్కొక్కరే క్లాసు మానేశారు. నవంబరులో మా అమ్మాయిని నేనే మానిపించాను. ప్రతి శనివారం ఆ గుమ్మంలో విజయ మొహం చూడలేకపోయాను. కానీ ఊళ్ళో దానికి వేరే అర్థం వచ్చింది. లెక్కల మనిషి, ఆవిడే మానిపించిందంటే ఏదో ఉండే ఉంటుందన్నారు. ఆ మాట నా చెవినే పడింది. కాదనలేదు. క్రిస్మస్ సెలవుల తర్వాత క్లాసే లేదు.

"మమ్మీ, విజయా ఆంటీ క్లాస్ ఎందుకు స్టాప్ చేశావ్? నాకు గుణింతాలు ఇంకా రావు" అని అడిగింది మా అమ్మాయి. పియానో క్లాస్ ఉంది కదా అన్నాను.

1985లో విజయ వాళ్ళాయనకి వేరే రాష్ట్రంలో, క్యారీలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయారు. సామాను బండి కదులుతుంటే కిటికీ తెర వెనక నిలబడి చూశాను. బయటికి రాలేదు.

విజయ పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు చెబుతున్నానంటే ధైర్యం వచ్చిందని కాదు. గుమ్మంలో నిలబడి అడిగే మనిషి ఇక లేదు కాబట్టి కావచ్చు. బతికుండగా నలభై ఏళ్ళు ఫోన్ నంబరు దగ్గర పెట్టుకుని చెయ్యని దాన్ని, ఇప్పుడు మంచిదాన్ని ఎలా అవుతాను? ఎవరూ నన్ను క్షమించనక్కర్లేదు. ఆ హక్కు ఉన్నది ఆమెకొక్కదానికే.

మా అమ్మాయికి యాభై దాటింది. ఇందాక గదిలోకొచ్చి నా భుజం మీదుగా చూసి, "ఏం రాస్తున్నావ్ మమ్మీ?" అంది. రాస్తున్న కాగితాన్ని దాచలేదు. దాచాల్సిన అవసరం లేదు. తను తెలుగు చదవలేదు.

కార్బన్ కాపీ బల్ల మీదే ఉంది. మడతల దగ్గర చినిగింది కానీ ఏడు వరసలూ కనిపిస్తున్నాయి. పాత నోట్‌బుక్ తీశాను. ఆ పేజీ తెరిచాను. నా పేరు ఎదుట ఆరు కొట్టేసి ఏడు రాశాను. విజయ పేరు ఎదుట ఏడు కొట్టేసి ఆరు రాశాను.