ఎర్ర సిరాలో మానుపిల్లి

అప్పటికి మా జంషెడ్‌పూర్ బీహారులో ఉండేది. ఊరు ఉన్నచోటనే ఉంది. రాష్ట్రమే తరవాత మారింది. డెబ్భైల చివర టెల్కో కాలనీ క్వార్టరులో ఉండగా నేను ఒక రిజిస్టరు పెట్టాను. దానికి కారణం కోపం. మా కాలనీలో చెట్టు మీద ఏది కదిలినా చిరుతపిల్ల, కప్పు మీద ఏది నడిచినా దయ్యం. చదువుకున్న ఇంజనీర్లు సైతం ముంగిసను చూసి ఉడుమని వాదించడం నాకు భరించరానిదిగా ఉండేది. నా ఉద్యోగం టెల్కో లారీల కర్మాగారంలో తనిఖీ విభాగం. కొలవకుండా ఏ ముక్కనూ గేటు దాటనివ్వని మనిషిని. ఆ పద్ధతినే ఇంటికి తెచ్చాను.

తేదీ, వేళ, చోటు, జంతువు అని గళ్ళు గీసుకున్నాను. మనుషుల అలికిడికి జంతువులు తప్పుకుంటాయి గనుక, ఆ వేళకు దారిలో ఎవరు తిరిగారో రాయడానికి ఇంకొక గడి. నియమం ఒక్కటే: నేను కళ్ళారా చూసినది నీలం సిరాతో, ఇతరులు చెప్పినది ఎర్ర సిరాతో. మా విభాగంలో తిరస్కరించిన ముక్క మీద పూసే రంగు ఎరుపు. ఆ సంగతి ఇక్కడ చెప్పడం అవసరం.

పని మీద ఎక్కడికి వెళ్ళినా రిజిస్టరు సంచిలో ఉండేది. దల్మా కొండ దిగువన రోడ్డు దాటుతున్న ఏనుగులు, చైబాసా దారిలో పుట్ట తవ్వుతున్న ఎలుగుబంటి, హజారీబాగ్ అడవి అంచున కణుజు అనే పెద్ద దుప్పి అందులో చేరాయి. ఊళ్ళోవీ తక్కువేమీ కావు. టాటానగర్ స్టేషను రేకుల మీద కొండముచ్చులు, సువర్ణరేఖ ఒడ్డున నక్కలు, మా వీధి మురుగుకాలవలో సంసారం చేసే ముంగిసలు. ఇంత రాసిన తరవాత, నా అంత జాగ్రత్తపరుడు ఊళ్ళో లేడని నాకొక నమ్మకం ఏర్పడింది.

మా పక్క క్వార్టరులో ఒక ఫోర్‌మన్ ఉండేవారు. విజయనగరం వైపు నుంచి కుర్రతనంలోనే వచ్చి, పనిలో ఎదిగిన మనిషి. పెరట్లో కోళ్ళు పెంచేవారు. ఒక వేసవిలో నెల తిరక్కుండా మూడు కోళ్ళు మాయమయ్యాయి. బొప్పాయిలు చెట్టునే డొల్లలయ్యాయి. ఆయనకు మాలి మీద అనుమానం కలిగింది. ఆ మాలి మా వరుస తోటలన్నిటికీ నీళ్ళు పెట్టే శ్రీకాకుళం మనిషి. కాంట్రాక్టరు కింద పని; భార్యతో కలిసి వరుస చివరి అవుట్‌హౌసులో కాపురం. పని పోతే ఆ గది కూడా పోతుంది.

ఫోర్‌మన్ ఒక ఆదివారం మా వరండాలోకి వచ్చి కూర్చున్నారు.

"గురువుగారూ, మీ బుక్కులో అన్నీ ఉంటాయి గదా. మాలీ పొద్దున్నే ఎన్నింటికి వత్తన్నాడో ఓసారి సూడండి."

గర్వంగా తీసి చూపించాను. కోళ్ళు పోయిన మూడు రోజులూ అందరికంటె ముందు దారిలో కనిపించినవాడు మాలీయే.

"ఇంకేటి సబూత్ కావాల? మీరు రాసీసినారంటే పక్కా!" అని ఆయన లేచి నేరుగా కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళారు. శనివారం లోపల గది ఖాళీ చెయ్యమని మాలికి మర్నాడే కబురు వచ్చింది.

ఆ సాయంత్రం మాలి భార్య మా ఇంటికి వచ్చింది. నా భార్య అప్పుడు వాకిట్లో ముగ్గు పెడుతోంది. పొద్దున పిల్లల బడి, నా డ్యూటీ బస్సు ఒకేసారి ముంచుకొస్తాయి గనుక, మర్నాటి ముగ్గు ముందు రోజు దీపాల వేళకే పెట్టెయ్యడం ఈ ఊరు వచ్చాక మా ఇంట్లో అలవాటయింది.

"బాబూ, మా ఇంటాయన ఎప్పుడొచ్చాడో రాసీసినారు. సేతిలో ఏటట్టుకెళ్ళాడో రాసినారేటి?"

"చూసినంతే రాశానమ్మా."

"మరి సూడనిది ఆ పెద్దమనిషికి ఎవులు సెప్పినారు?"

ఆమె ముగ్గు వంక చెయ్యి చూపింది.

"కోడి పోయిన రోజులన్నీ యమ్మగోరి ముగ్గు కూడా సెడింది. మరదీ మా ఆయనే తొక్కీసినాడా? ఆడి కాలికి జంతువు గోళ్ళున్నాయేటి?"

"అది పిల్లి. అదీ రాశాను," అన్నాను.

నా భార్య తల ఎత్తకుండానే అంది: "పిల్లా? మీరు వంగి చూశారా? చెరిగిన చుక్కలు మళ్ళీ పెట్టుకునేది నేను. ప్రతిసారీ ఐదు వేళ్ళు పడుతున్నాయి."

నేను వంగి చూడలేదు. కుర్చీలో కూర్చునే 'పిల్లి' అని రాశాను, అదీ నీలం సిరాతో. లోపలికి వెళ్ళి పేజీలు వెనక్కి తిప్పాను. మొదటి కోడి పోవడానికి పది రోజుల ముందు ఎర్ర సిరాలో ఒక పంక్తి కనిపించింది: 'మాలి చెప్పినది: కోళ్ళగూడు పక్క గోడ మీద మానుపిల్లి.' మానుపిల్లి అంటే చెట్లెక్కి పళ్ళూ కోళ్ళూ తినే పునుగుపిల్లి జాతి జంతువు. ఆ పంక్తి పక్కనే నా దస్తూరీలో ఒక్క మాట: 'నమ్మదగదు.'

ఒక మనిషి చూసి చెప్పిన నిజాన్ని నేను తిరస్కరించిన ముక్కల్లో పడేశాను. నేను రాసిన వేళ అతని మెడకు చుట్టుకుంది, చూడకుండా రాసిన 'పిల్లి' అసలు దొంగను దాచింది. ఇన్నేళ్ళూ ఊరందరి మీద చూపిన కోపం ఆ పూట నా మీదకే తిరిగింది.

మర్నాడు ఇంటి చుట్టూ తిరిగే పిల్లిని పాలు పెట్టి ముగ్గుపిండి మీద నడిపించాను. స్టీలు స్కేలు పెట్టి కొలిచి కాగితం మీద గీసుకున్నాను. నాలుగు వేళ్ళే పడ్డాయి. గోరు గుర్తు లేదు. ఆ కాగితం పట్టుకుని ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళి, గూటి చుట్టూ పిండి చల్లనివ్వమని అడిగాను.

"తమాషాయా గురువుగారూ? సరే, కానీండి. మీ ముచ్చటెందుకు కాదనాల," అన్నారాయన.

నా భార్య గూటి నుంచి ఆయన ఇంటి గోడ దాకా జల్లెడతో పిండి సన్నగా పరిచింది. బుధవారం పొద్దున పిచ్చుకల కాళ్ళు తప్ప ఏమీ లేవు. గురువారం ముంగిస ఒకటి అడ్డంగా దాటింది. అవుట్‌హౌసు ముందు మాలి మంచం తాళ్ళు విప్పుతుండగా చూశాను.

శుక్రవారం తెల్లవారేసరికి ఫోర్‌మనే గోడ మీదుగా కేకేశారు.

పిండిలో ఐదేసి వేళ్ళ అడుగులు, మడమతో సహా, అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. అవి గూటి నుంచి గోడ దాకా సాగాయి. గోడ దగ్గరి నీళ్ళ గొట్టం మీద తెల్లని మచ్చలు పైకి ఎక్కాయి. గొట్టం చివర ఫోర్‌మన్ గారి సొంత సామానుగది పైకప్పు కింద కన్నం ఉంది.

ఆయన నిచ్చెన తెచ్చి తానే ఎక్కారు. టార్చి లోపలికి తిప్పారు.

"అరే బాప్‌రే! ఈకలే ఈకలు! కళ్ళు... రెండు... కాదు కాదు, ఆరు!"

తల్లి, రెండు పిల్లలు. తలనిండా బూజుతో ఆయన దిగి వచ్చేసరికి మాలి, అతని భార్య గోడ దగ్గర నిలబడి ఉన్నారు.

"ఇదేట్రా మాలీ?"

"మానుపిల్లి బాబూ. ముందే సెప్పినాను. ఆ బాబు రాసుకున్నారు కూడాను."

అందరూ నా వంక చూశారు. రాసుకున్నానని ఒప్పుకున్నాను, ఏ సిరాతో రాశానో, పక్కన ఏ మాట చేర్చానో కూడా చెప్పాను.

"ఇన్నాళ్ళూ ఇంటి దొంగని నెత్తిమీదే పెట్టుకున్నారన్నమాట," అంది మాలి భార్య ఫోర్‌మన్‌తో. ఆయన మొదట గుర్రుగా చూసి, తరవాత బూజు దులుపుకుంటూ నవ్వేశారు. డ్యూటీ బస్సు వదులుకుని ఇద్దరం కాంట్రాక్టరు ఇంటికి వెళ్ళాం. పొరపాటు మాదని ఇద్దరం చెప్పాం. గది ఖాళీ చెయ్యనక్కరలేదని అతను మా ఎదుటనే మనిషిని పంపాడు.

మానుపిల్లిని ఏం చెయ్యాలో మాలీనే అడిగాం. పిల్లలు నడక నేర్చి బయటికి వచ్చాక కన్నానికి ఇనప వల కొట్టమన్నాడు. గూటికి అప్పటికప్పుడే గట్టి తలుపు పెట్టించమన్నాడు. అలాగే చేశారు. మళ్ళీ కోడి పోలేదు.

నేను రిజిస్టరులో 'నమ్మదగదు' కొట్టేసి, మాలి చెప్పిన పంక్తిని నీలం సిరాతో తిరిగి రాశాను. 'చూసినవారు' అని కొత్త గడి గీసి అందులో మొదట 'మాలి' అని చేర్చాను. మనుషుల రాకపోకల గడిని ఆ పేజీతో ఆపేశాను.

గది ఖాళీ చెయ్యాల్సి ఉన్న ఆ శనివారం పొద్దున కుళాయి కింద బకెట్టు చప్పుడుకు మెలకువ వచ్చింది. మాలి మా గులాబీలకు నీళ్ళు పోస్తున్నాడు. ఎన్ని గంటలయిందో నేను చూడలేదు.