చెత్త బండికి దేవుడి గంట

మా ఆయన నన్ను ఏనాడూ కొట్టలేదు, తిట్టలేదు. అరిచేవాడు, అంతే. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినా అరుపే, మల్లెపూలు తెచ్చానని చెప్పినా అరుపే. పూర్ణా మార్కెట్ వెనక సందులో మాది రెండు గదుల ఇల్లు. మేం ఏ ముచ్చట చెప్పుకున్నా పక్కింటివాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. ఆయన మున్సిపాలిటీలో చెత్త లారీ డ్రైవరు. పొద్దస్తమానం ఆ డీజిలు ఇంజను పక్కన కూర్చుని, దాని మోతను మించి మాట్లాడటం అలవాటైపోయింది. ఇంటికొచ్చినా ఆ మోత ఆయన చెవుల్లోంచి దిగేది కాదు.

ఎనభైల్లో ఒక ఏడాది, డీజిలు ఖర్చు తగ్గించుకుందామని ఆఫీసువాళ్ళు ఒక బ్యాటరీ బండి తెప్పించారు. ముందు దీన్ని నడిపి చూస్తారట, పనికొస్తే లారీలు తీసేసి మరికొన్ని తెస్తారట. దాన్ని మా ఆయనకు అప్పగించారు. మొదటిరోజు తాళం తిప్పినా చప్పుడు రాకపోయేసరికి, స్టార్టు కాలేదనుకుని నలుగురి చేత తోయించాడట.

"మూగబండే, పాపం!" అని ఇంటికొచ్చి అరిచాడు.

కొన్నాళ్ళు గడిచాయి. ఒక సాయంత్రం అన్నం వడ్డిస్తుంటే, "సేపల పులుసు బాగుందే" అని ఎవరో మెల్లగా అన్నారు. తలెత్తి చూస్తే ఆయనే. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆ గొంతు విన్నాను. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కొత్త పెళ్ళికూతురిలా సిగ్గేసింది కూడా. చెత్త బండి మీద నాకు ప్రేమ పుట్టిందంటే ఎవరైనా నమ్ముతారా? నాకు పుట్టింది.

కానీ ఆ బండి వచ్చినట్టు ఎవరికీ తెలిసేది కాదు. లారీ మోత వినగానే తట్టలతో పరిగెత్తుకొచ్చే ఆడవాళ్ళు, ఇప్పుడు బండి వెళ్ళిపోయాక వచ్చి, రాలేదని గోల పెట్టేవాళ్ళు. హారను కొట్టి చూశాడు. మార్కెట్‌కి వచ్చే బండ్లన్నీ కొట్టే హారనే కదా, ఎవరూ గుమ్మం దాటలేదు. ఆఫీసుకి ఫిర్యాదులు వెళ్ళాయి.

"ఇలాగైతే బండిని ఎనక్కి పంపేత్తారంట" అన్నాడు. అదీ మెల్లగానే అన్నాడు.

దేవుడి పటాల ముందున్న ఇత్తడి గంట తీసి ఆయన చేతిలో పెట్టాను. మా అత్త చూడనే చూసింది.

"ఓలమ్మో! దేముడు గంట సెత్తబండికి కట్టేత్తావేటే? కళ్ళు పోతాయ్!"

"నీ కొడుకు అరుత్తన్నాడా అత్తా, ఈమద్దిన?" అన్నాను.

"నేదు" అంది అత్త. "సిన్నప్పుడిలాగే మాటాడేవోడు." గంటకు దణ్ణం పెట్టి, కట్టడానికి తాడు తనే వెతికి తెచ్చింది.

మర్నాడు ఆయన గంట మోగిస్తూ సందులోకి వెళ్ళగానే ఆడవాళ్ళందరూ గబగబా బయటికొచ్చారు. చెత్త తట్టలతో కాదు, చేటల్లో బియ్యంతో! జంగందేవర భిక్షకు వచ్చాడనుకున్నారు. చూపు సరిగా ఆనని ఒక ముసలమ్మ గుప్పెడు బియ్యం బండిలో పోసి దణ్ణం కూడా పెట్టిందట. ఊరికే వచ్చేస్తే బాగుండదని మా ఆయన, "సల్లగుండమ్మా" అని దీవించాడట. ఆ సంగతి చెబుతుంటే అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత తర్వాత అందరికీ అలవాటైంది. గంట వింటే తట్ట పట్టుకొచ్చేవాళ్ళు.

గంట ఎంత మోగినా బ్యాటరీలకు బలం రాదుగా. వానాకాలం వచ్చేసరికి అవి నీరసించాయి. చెత్త నిండితే వన్‌టౌన్ ఎత్తులు ఎక్కలేక బండి మధ్యలో ఆగిపోయేది. కొత్త బ్యాటరీలు రాలేదు. చివరికి బండినే తీసుకుపోయారు. ఆయన గంట విప్పి ఇంటికి తెచ్చాడు. రేపట్నుంచి మళ్ళీ లారీయేనన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"బండి పోతే ఏడుత్తావేటే?"

"బండి కోసం కాదు మావా. నీ గొంతు కోసం."

అత్త చింతపండుతో తోమి లోపల పెట్టబోతున్న గంటను ఆయన ఆమె చేతిలోంచి తీసుకుని, వీధి గుమ్మానికి కట్టాడు.

మర్నాడు సాయంత్రం లారీ దిగి వచ్చి, అరుగు మీద కూర్చుని గంట ఒకసారి కొట్టాడు. మంచినీళ్ళకేమోనని చెంబుతో వెళ్ళాను. ఆగమని చెయ్యి చూపించాడు. మళ్ళీ కొట్టాడు. కళ్ళు మూసుకుని వింటున్నాడు. చెవుల్లోంచి ఇంజను మోత దిగి, గంట చివర్న సాగే ఆ సన్నటి నాదం వినబడేదాకా కొడుతూనే ఉన్నాడు. ఉద్యోగం దిగేదాకా రోజూ అంతే. మా ఇంట్లో భక్తి ముదిరిందని పక్కింటివాళ్ళు చెప్పుకునేవాళ్ళు.

ఆ మొదటి సాయంత్రం, గంట ఆగాక లేచి లోపలికొచ్చాడు. నాకు మాత్రమే వినిపించేంత మెల్లగా, "ఏటి వొండావే?" అన్నాడు.