మస్తాన్‌బీ మంచినీళ్ళు

వృద్ధుల సంస్కృతిని గౌరవిస్తూ సేవ చేయడం ఎలాగో ఆయాలకు నేర్పి రమ్మని మా సంస్థ నన్ను వినుకొండ పంపింది. నర్సింగ్ పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి సంస్కృతి కూడా వచ్చే ఉంటుందని వాళ్ళ నమ్మకం. ల్యాప్‌టాప్‌లో స్లైడ్లు కూడా పెట్టిచ్చారు. మొదటి బొమ్మలోనే ఓ తెల్లదొర మంచు కురుస్తున్న కిటికీ పక్కన టీ తాగుతున్నాడు.

గుంటూరులో ఉదయం ఏడింటికి ప్యాసింజరు ఎక్కాను. నరసరావుపేట దాటాక కల్లాల్లో ఆరబోసిన మిర్చి ఘాటుకు పెట్టెంతా తుమ్మింది. గుంటూరు మిర్చి యార్డులో సరుకు అమ్ముకొని వస్తున్న ఎదుటి సీటు రైతు, ఏం పనిమీద వెళ్తున్నానని అడిగాడు. చెప్పాను.

"ముసలోళ్ళని చూసుకోటానికి ట్రైనింగా! మా అమ్మకి తెలిస్తే నన్నూ పంపిద్దండీ," అన్నాడు.

స్టేషన్ నుంచి ఆటోలో వృద్ధాశ్రమానికి చేరేసరికి పదైంది. గేటు మీద స్వాగతం ఫ్లెక్సీ. అందులో మేనేజరు గారు నిలువెత్తున, వృద్ధులు తపాలా బిళ్ళలంత. ఆయన ఎదురొచ్చి, "మా దగ్గర కులమతాలు లేవు మేడం. అందరికీ ఒకే అన్నం, ఒకే టైం, ఒకే స్నానం," అన్నారు. సంస్కృతికి లోటేమీ లేదట. పండగ పండగకీ అందరికీ కొత్త బట్టలు కట్టి ఫొటోలు తీస్తారట.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గదులు చూపించారు. చివరి మంచం మీద ప్రత్తిపాడు నుంచి వచ్చిన మస్తాన్‌బీ గోడవైపు తిరిగి పడుకుంది. తుంటి విరిగి లేవలేకపోతోంది. పెదాలు పగిలిపోయాయి. పక్కనే నిండుగా నీళ్ళ గ్లాసు.

"మొండిది మేడం. నీళ్ళు ముట్టదు. రేపూ ఇంతే అయితే పెద్దాసుపత్రికి పంపేస్తాం, మళ్ళీ చేర్చుకోం," అన్నారు మేనేజరు.

ఆయన్ని పంపించి, తెర లాగి, ఆమె పక్కన కూర్చున్నాను. నీళ్ళెందుకు తాగడం లేదని అడిగాను.

"తాగితే బాత్‌రూముకి పోవాలిగా అమ్మా. ఆ పిల్లోడు ఎత్తుకొని తీసకపోతాడు. మా ఆయన తప్ప నన్ను ఏ మగోడూ తాకలా."

ఆ 'పిల్లోడు' నలభై ఏళ్ళ ప్రసాద్, అక్కడి అటెండరు. బయట నిలబడి ఉన్నాడు.

"ఎత్తుతుంటే కొంగు నోట్లో కుక్కుకుంటదండీ. నాకూ అమ్మ ఉంది. సారుకి చెప్తే, ఇక్కడ మగా ఆడా తేడా లేదన్నారు."

ఆయాలు సుజాత, మేరీలను అడిగాను. సుజాత సూటిగానే చెప్పింది. "ఆమె భారీ మనిషండీ. మా నడుములు పోతే మాకెవరు చేస్తారు?"

న్యాయమైన ప్రశ్న. నా స్లైడ్లలో సంస్కృతులు బోలెడున్నాయి గానీ ఆయాలకు నడుములున్నట్టు ఎక్కడా లేదు. ల్యాప్‌టాప్ మూసేసి నేనే ఖాళీ మంచం ఎక్కి పడుకున్నాను. ఒంటి కింద దుప్పటి పరిచి, చెరోవైపు పట్టుకొని, మోకాళ్ళు వంచి ఎలా జరపాలో చెప్పాను. మొదటిసారి నన్ను దాదాపు కింద పడేశారు.

"మీకంటే ఆమే నయం మేడం!" అంది మేరీ. ముగ్గురం నవ్వుకున్నాం. నాలుగోసారికి ఇద్దరూ కలిసి నన్ను చక్రాల కుర్చీలోకి చేర్చారు.

మేనేజరుకు డ్యూటీలు మార్చడం నచ్చలేదు. "ఒకరికి చేస్తే అందరూ అడుగుతారు."

"అడగనివ్వండి. ఆడవాళ్ళ పనులు ఆడవాళ్ళు చేస్తేనే మీ ఆశ్రమానికి శిక్షణ సర్టిఫికెట్ మీద సంతకం పెడతాను."

సర్టిఫికెట్ తగిలించడానికి గోడకు అప్పటికే మేకు కొట్టించి ఉంచారు. దానికేసి ఒకసారి చూసి, మన సంస్కృతిలో స్త్రీలకు గౌరవం ఎక్కువని నాకు తెలియజేశారు. డ్యూటీలు మారాయి.

ప్రసాద్ వేడినీళ్ళు గుమ్మం దగ్గర పెట్టి, పిలవకముందే తప్పుకున్నాడు. సుజాత, మేరీ తలుపేసి ఆమెకు స్నానం చేయించారు. బయటికొచ్చాక మస్తాన్‌బీ తలమీద కొంగు సర్దుకొని గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. గటగటా తాగేసి, "ఇంకోటి పొయ్యమ్మా," అంది సుజాతతో.

సాయంత్రం ఐదింటి గుంటూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పత్తి బస్తాల లారీల వెనక బస్సు మెల్లగా కదులుతోంది. నా ప్రయాణాన్ని శిక్షణ విజయవంతం అని మా సంస్థ రాసుకుంటుంది, రాసుకోనివ్వండి. ఒక పెద్దావిడ సిగ్గు చంపుకోకుండా దాహం తీర్చుకోవడానికి ఒక రైలు, ఒక ల్యాప్‌టాప్, గుంటూరు నుంచి నేనూ కావలసి వచ్చిందంటే, మన సంస్కృతి నిజంగానే చాలా గొప్పది.