పది గోతాల సహప్రదేశం

ఆ రోజుల్లో నాకు ఒక కొత్త మాట వస్తే, దాన్ని ఇంట్లోవాళ్ల మీద ప్రయోగించేదాకా నిద్ర పట్టేది కాదు. ఉరవకొండలో ఇంటర్ చదువుతున్నప్పుడు ఒకనాడు లెక్కల సారు బోర్డు మీద రెండు కోడిగుడ్ల బొమ్మలు గీసి, "ప్రమేయానికి మనం ఏమేమి ఇయ్యొచ్చునో అది ప్రదేశమప్పా. అది మనకు తిరిగి ఇచ్చింది వ్యాప్తి. ఇస్తుందేమో అని జాగా పెట్టుకుంటామే, అది సహప్రదేశం" అన్నాడు. నాకు మా చేను కనబడింది. వాన ఇస్తే వేరుశనగ తిరిగిస్తుంది కదా!

ఇంటికొచ్చేసరికి మా నాయన అరుగు మీద కూర్చుని దబ్బనంతో గోతాలు కుడుతున్నాడు. ఏటా విత్తనం వేయకముందే పది పాత గోతాలు ఉతికి, ఎలుకలు కొరికిన చోటల్లా కుట్టి అటక మీద పెట్టడం ఆయన పద్ధతి. (నాకు గుర్తున్న నాలుగేళ్లలో అవి నిండింది లేదు. ఒకసారి రెండు, ఒకసారి మూడు, మిగతా రెండేళ్లు సున్నా.) "నాయనా, మన వ్యాప్తి మూడు దాటదు. పది గోతాలెందుకు?" అన్నాను, కాలేజీ ఫస్టు వచ్చినవాడిలా. ఆయన దారం పళ్లతో కొరికి, "ఉండనీలేప్పా, ఆడ పడుంటాయి" అన్నాడు. పాపం, చదువుకోని మనిషి అని జాలిపడ్డాను. ఆయన చేనికి పోయినప్పుడు ఏడు గోతాలు దించి, పక్కింట్లో పరుపులు కుట్టే ముస్లిం పిన్నికి, మేమంతా ఖాలా అని పిలిచే ఆమెకు, దూది నింపుకోమని ఇచ్చేశాను.

నా ఖర్మ కొద్దీ ఆ యేడు వానలు పడ్డాయి! పడాల్సినప్పుడల్లా, పడాల్సినంత. కళ్లంలో ఆరబోసిన కాయల్ని చూడటానికి ఊళ్లోవాళ్లు పనిగట్టుకుని వచ్చారు. మూటలు కట్టే రోజు పడమట మబ్బు కమ్మింది. తడిస్తే కాయ నల్లబడి ఏడాది కష్టమంతా మట్టిపాలే. మూడు గోతాలు ఇట్టే నిండిపోయాయి. "తక్కినవి యాడ పెట్టినావురా?" అన్నాడు నాయన. చెప్పాను. తిట్టడానికి కూడా ఆయనకు తీరిక లేకపోయింది. అమ్మ తన చీరలు తెచ్చింది. ఖాలా ఖాళీ పరుపు గలీబులు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, "అరే, మీ నాయనకు చెప్పకుండానే ఇస్తివా?" అని నా నెత్తిన ఒకటి మొట్టింది. చివరికి నా కొత్త ప్యాంటు కాళ్లు రెండూ ముడేసి నడుం దాకా కాయలు పోశారు. బండి మీద అది నాకంటే దర్జాగా కూర్చుని ఊళ్లోకి వచ్చింది.

అంతా ఇంట్లోకి చేరాక చినుకు మొదలైంది. వాకిట్లో తడుస్తూ నిలబడి నాయన అన్నాడు: "కురిసిన వానలే లెక్కేస్తివి కదప్పా. కురవాల్సిన వానలు యాడికి పోతాయి?"

ప్రదేశమంటే సారు 'ఏమేమి ఇయ్యొచ్చునో' అని ఎందుకన్నాడో నాకు ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు అనంతపురంలో నేనే ఆ పాఠం చెబుతున్నాను. నాయన లేడు. అలాంటి యేడు ఆయన ఉండగా మళ్లీ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఏటా ఎవరో ఒక పిల్ల లేచి, "వ్యాప్తి ఇంతే ఉన్నప్పుడు సహప్రదేశం అంత పెద్దది ఎందుకు సార్?" అంటుంది. బోర్డు మీద రెండో కోడిగుడ్డును ఇంకాస్త పెద్దదిగా గీస్తాను. వేసవి సెలవుల్లో ఊరికి పోయి, అదే అరుగు మీద కూర్చుని పది గోతాలు కుడతాను. కుట్లు వంకరగా వస్తాయి. నాయన చూసి నవ్వితే వినాలని ఎంత ఉంటుందో! పదో గోతం మడిచాక, దాని మీద ఉతికిన పాత ప్యాంటు ఒకటి కూడా పెడతాను. ఏమో, ఈ యేడు అవసరం పడొచ్చు.